కుర్చీ దింపడమే లెక్క అడగడమా?

(గ్రామీణ విలేకరి)

మా మండలం నుంచి తెల్లవారకముందే బయల్దేరి సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండుకు పోయే బస్సులో సగం మంది గాంధీ ఆస్పత్రికి పోయేవారే ఉంటారు. ఈ సంగతి పాఠకులకు తెలియనిది కాదు. సంక్రాంతి పోయాక ఒకనాడు ఆ బస్సులో నా పక్కన మా ఊరి పెద్దాయన ఒకరు కూర్చున్నారు. నాకు వరసకు కాక. వయసు అరవై దాటింది. చిన్నమ్మ మందుల కోసం నెలకోసారి గాంధీకి పోయి వస్తుంటాడు. 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి వార్డు మెంబరుగా గెలిచాడు. గెలిచిన నాటి నుంచి చొక్కా జేబులో ఒక పెన్ను, చిన్న నోటుబుక్కు లేనిదే గడప దాటడం లేదు.

బస్సు అల్వాల్ దాటి తిరుమలగిరి చేరింది. కాక కిటికీలోంచి బజారు వంక చూస్తూ, "బిడ్డా, గీడ మెంబరు ఎవలు? గింత పెద్ద బస్తీకి ఎందరు మెంబర్లు ఉంటరు?" అని అడిగాడు. కొత్తగా మెంబరైనవారికి ఎక్కడికి పోయినా ఇదే ధ్యాస కాబోలు.

"గీడ మెంబర్లు లేరు కాకా" అన్నాను.

కాక నమ్మలేదు. "మెంబర్లు లేకుంట గీడ పని ఎట్ల నడుస్తది? లెక్క ఎవలు అడుగుతరు?"

నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. బస్సు దిగేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఆ మాటలే కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఊరూరా కొత్త పాలకవర్గాలు కొలువు తీరి ఎంతో కాలం కాలేదు గనుక ఇవి మన పల్లెలకూ పనికివచ్చే సంగతులే.

ఎనిమిది కుర్చీలు ఖాళీ

1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలిసిన సైనిక పట్టణం సికింద్రాబాద్. దండు ఉన్న ప్రాంతానికి ఇప్పటికీ కంటోన్మెంటు అనే పేరు. తిరుమలగిరి, కార్ఖానా, మారేడుపల్లి వైపు మన బస్సులు తిరిగే రోడ్ల పక్కన ఉన్న బస్తీలు చాలా వరకు ఆ కంటోన్మెంటు బోర్డు కిందికి వస్తాయి. రెండు లక్షల పైచిలుకు జనం. సైనికులే కాదు, కూలీలు, దుకాణదారులు, పెన్షనర్లు, మన జిల్లాల నుంచి బతకవచ్చినవారు కూడా అందులో ఉన్నారు. వీరికి నల్లా నీళ్లు, మోరీలు, వీధి దీపాలు, ఇంటి పన్ను అన్నీ బోర్డు చేతిలోనివే.

2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం బోర్డుకు అధ్యక్షుడు సైనికాధికారి. కార్యనిర్వహణాధికారిని కేంద్రం నియమిస్తుంది. ప్రజలు ఓటు వేసి పంపేది ఎనిమిది వార్డుల నుంచి ఎనిమిది మంది సభ్యులను. ఆ ఎనిమిది మంది తమలో ఒకరిని ఉపాధ్యక్షునిగా ఎన్నుకోవాలి. అధికారమంతా అధికారులదే అయినా, బోర్డు సమావేశంలో లేచి "ఈ టెండరు ఇంత ఎక్కువకు ఎందుకు పోయింది" అని అడిగే నోళ్లు ఎనిమిది ఉండేవి.

ఆ ఎన్నికలు చివరిసారి జరిగింది 2015 జనవరిలో. 2020లో ఐదేళ్లు నిండాయి. ఆరేసి నెలల చొప్పున రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరితో అదీ అయిపోయింది. ఆపైన బోర్డు అంటే ముగ్గురే. అధ్యక్షుడు, కార్యనిర్వహణాధికారి, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌర సభ్యుడు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలంటూ ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. పోటీదారులు తిరగడం మొదలుపెట్టారు. మార్చిలో ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. పౌర ప్రాంతాలను నగర పాలక సంస్థలో కలుపుతారనే మాట ఏళ్లుగా నలుగుతూ వచ్చింది. కలిపితే కలపవచ్చు, లేదంటే ఎన్నికలు పెట్టవచ్చు. రెండూ కాకుండా పన్ను కట్టే జనానికి అడిగే ప్రతినిధి లేకుండా అన్నేళ్లు గడవడం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

నామినేట్ అయిన ఒక్కరు మంచివారే కావచ్చు. ఆయన మంచితనం గురించి కాదు ఇక్కడ చర్చ. నియమించిన చేతినే లెక్క అడగడం మనిషన్నవాడికి కష్టం. ఓటు వేసినవారు వీధిలో నిలదీస్తారన్న జంకు ఉన్నప్పుడే సమావేశంలో గొంతు లేస్తుంది.

ఇది విని మన పల్లెవాసులు నవ్వుకోవలసిన పని లేదు. 2019 జనవరి ఎన్నికల్లో గెలిచిన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదటి రోజుతో ముగిసింది. అప్పటి నుంచి 2025 డిసెంబరు దాకా మన ఊళ్లనూ ప్రత్యేకాధికారులే నడిపారు. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్రం నుంచి రావలసిన 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. ట్రాక్టరులో డీజిలు పోయించే దిక్కు లేక పంచాయతీ కార్యదర్శులు అప్పులు చేసిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఇరవై రెండు నెలల ఖర్చుల మీద వార్డు మెంబరు హోదాలో ప్రశ్న వేసే హక్కు ఊళ్లో ఒక్కరికీ లేకుండా పోయింది.

రోడ్డుకు అవతల మెంబర్లు ఉన్నా

కాకకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి మెంబర్లు ఉన్నకాడ మంచిగ అడుగుతరా?"

మంచి ప్రశ్న. కంటోన్మెంటు హద్దు దాటితే సికింద్రాబాద్‌లో తక్కిన భాగమంతా హైదరాబాద్ నగర పాలక సంస్థ కిందిది. ఒకప్పుడు, 1950 నుంచి 1960 దాకా, సికింద్రాబాద్‌కు సొంత కార్పొరేషన్ ఉండేది. 1960 ఆగస్టులో దాన్ని హైదరాబాద్‌లో కలిపారు. 2007లో చుట్టుపక్కల పురపాలికలనూ కలిపి గ్రేటర్ చేశారు. 2020 డిసెంబరులో ఎన్నికైన సభకు 150 మంది కార్పొరేటర్లు. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ఏ పార్టీకీ సగం లేదు. ఇటువంటి సభలో లెక్క అడగడం తేలిక కావాలి. పాలించేవారికి బలం తక్కువ, అడిగేవారికి బలం ఎక్కువ.

ఏం జరిగిందో రెండు సందర్భాలు చెప్తాను.

2023 ఏప్రిల్ 29 ఉదయం వాన కురుస్తోంది. సికింద్రాబాద్ కళాసిగూడలో పాలప్యాకెట్ కోసం బయటికి వచ్చిన చిన్నారి తెరిచి ఉన్న నాలాలో పడి కొట్టుకుపోయి చనిపోయింది. ఇద్దరు సిబ్బందిని సస్పెండ్ చేశారు. నాలుగు రోజులకు, మే 3న, నగర పాలక సంస్థ సర్వసభ్య సమావేశం. తల్లిదండ్రులున్న ప్రతి ఇంట్లోనూ ఆ రోజు ఆ సభ వైపే చూశారని చెప్పవచ్చు. అంతకుముందే బీజేపీ కార్పొరేటర్లు జలమండలి కార్యాలయంలో మురుగు మట్టి కుమ్మరించి నిరసన తెలిపారు. మా కార్యాలయంలో ఇలా చేస్తారా అంటూ అధికారులు సభను బహిష్కరించి వెళ్లిపోయారు. సభ వాయిదా పడింది.

ఎవరి కోపం వారికి న్యాయంగానే తోచవచ్చు. పసిబిడ్డ పోయింది, కడుపు మండి మురుగు పోశామని వారంటారు. మమ్మల్ని అవమానిస్తే ఎలా పనిచేస్తామని వీరంటారు. కానీ ఆ రోజు సభ ముందుకు రావలసిన ప్రశ్నలు నాలుగే నాలుగు. ఆ చోట పని ఎవరికి అప్పజెప్పారు? ఎప్పటికి పూర్తి కావాలి? ఎవరు తనిఖీ చేసి సంతకం పెట్టారు? వాన ముందు నాలాను అలా తెరిచి ఉంచవచ్చని ఎవరనుకున్నారు? ఈ నాలుగూ రాతమూలకంగా ముందే ఇచ్చి, సభలో కూర్చుని జవాబు వచ్చేదాకా లేవకపోతే, ఆ జవాబు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేది. రేపు ఇంకో నాలా దగ్గర అదే పొరపాటు జరిగితే ఆ పుస్తకం తెరిచి చూపవచ్చు. మురుగుకు ఫోటో దొరికింది. ప్రశ్నలకు ఆ రోజు జవాబు దొరకలేదు.

(పత్రికలవాళ్లం మేమూ ఇందులో దోషులమే. మురుగు బకెట్ ఫోటో మొదటి పేజీలో వేస్తాం. రాతమూలక ప్రశ్నకు జవాబు వస్తే లోపలి పేజీలో కూడా చోటు దొరకదు.)

రెండోది 2025 జనవరి 30 నాటిది. ఆ రోజు సభ ముందుకు వచ్చింది 8,440 కోట్ల రూపాయల బడ్జెట్. మన ఊరి పంచాయతీ లెక్క లక్షల్లో ఉంటుంది. కోట్లకు ముందు వేలు చేరితే ఎంతవుతుందో నాకైతే ఊహకు అందదు. ఆ బడ్జెట్ ప్రతులను బీఆర్ఎస్ కార్పొరేటర్లు చించి విసిరారు. మార్షల్స్ వచ్చి వారిని బయటికి పంపారు. ఆ గొడవలోనే బడ్జెట్‌కు ఆమోదం అయిపోయింది. చించిన కాగితంలో ఏ పేజీలో ఏ అంకె తప్పో చెప్పినవారి గొంతు ఆ గోలలో ఎక్కడ వినిపిస్తుంది? గొడవ వల్ల లాభపడింది ఎవరయ్యా అంటే, ప్రశ్న తప్పించుకున్నవారే.

ఆ గొడవకు వెనుక కథ ఉంది. మేయర్ గద్వాల విజయలక్ష్మి 2021 ఫిబ్రవరి 11న టీఆర్ఎస్ తరఫున ఎన్నికయ్యారు. సికింద్రాబాద్ వైపు తార్నాక నుంచి గెలిచిన మోతె శ్రీలత ఉపమేయర్ అయ్యారు. 2023 చివర రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 మార్చి నాటికి ఇద్దరూ కాంగ్రెస్‌లో చేరారు. కుర్చీలు మాత్రం వారివి వారికే ఉన్నాయి. ఏ పార్టీ బలంతో గెలిచారో ఆ పార్టీవారు రాజీనామా చేయమని పట్టుబట్టారు. నగర పాలక చట్టం ప్రకారం నాలుగేళ్లు నిండనిదే మేయర్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టరాదు. 2025 ఫిబ్రవరితో ఆ నాలుగేళ్లు నిండాయి. ఇక పెడతారు, రేపు పెడతారు అని కొన్నాళ్లు వార్తలు నడిచాయి. ఒకరి లెక్కకు ఇంకొకరి లెక్క కలవలేదు. తీర్మానం సభకు రాకుండానే 2026 ఫిబ్రవరితో ఐదేళ్ల గడువు పూర్తయింది.

అవిశ్వాసం పేరిట

అవిశ్వాసం పెట్టనందుకు నేను బాధపడడం లేదు. పెట్టిన చోట ఏం ఒరిగిందో మన జిల్లాల్లో చూశాం.

2020 జనవరిలో ఎన్నికైన పురపాలికలకు మూడేళ్లు నిండాక అవిశ్వాసం పెట్టవచ్చని 2019 చట్టం చెప్పింది. ఆ గడువును నాలుగేళ్లకు పెంచుతూ 2022లో శాసనసభలో బిల్లు తెచ్చారు. అది గవర్నరు దగ్గర ఆగింది. మూడేళ్లు నిండగానే 2023 ఆరంభంలో చాలాచోట్ల నోటీసులు పడ్డాయి. అసలు జాతర మాత్రం 2023 డిసెంబరు 3న శాసనసభ ఫలితాలు వచ్చాక మొదలైంది. 2024 జనవరిలో ఆర్మూరు, నల్లగొండ, భువనగిరి. వెనువెంటనే మరికొన్ని. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో ఉన్న జవహర్‌నగర్ కార్పొరేషన్‌లో మేయర్ పదవి కూడా ఆ ఏడాదే అవిశ్వాసంలో పోయింది. కౌన్సిలర్లను బస్సుల్లో క్యాంపులకు తీసుకుపోవడం, ఓటింగు నాటికి నేరుగా సభకు దింపడం పత్రికల్లో రోజూ చదివాం.

ఆ చైర్మన్లు నిర్దోషులని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. కొందరి మీద కౌన్సిలర్లకు నిజమైన ఫిర్యాదులే ఉండవచ్చు. వార్డుకు పైసా ఇవ్వలేదని, బిల్లులన్నీ ఒకే కాంట్రాక్టరుకు పోయాయని, మహిళా కౌన్సిలరు లేస్తే కూర్చోమన్నారని అనేక మాటలు విన్నాం. కానీ ఒక్కటి మనసులో పెట్టుకుని చూడండి. నవంబరులో కనిపించని తప్పు డిసెంబరులో ఎలా కనిపించింది? నాలుగేళ్లు ప్రతి సమావేశంలో చేతులెత్తి ఆమోదించినవారు ఒక్కసారిగా లెక్కలు బాగోలేవన్నారంటే, ఆ లెక్కలను ఆమోదించిన చేతులు ఎవరివి?

కొత్త చైర్మన్ వచ్చాక పాత బిల్లుల మీద విచారణ జరిపించిన చోట్లు ఎన్నో పాఠకులే తమ తమ పట్టణాల్లో వాకబు చేసి చూడవచ్చు. చేతిలో మిగిలిన కాలం ఏడాది. 2025 జనవరి చివరికి ఆ పాలకవర్గాల గడువే తీరిపోయింది. కుర్చీ మారింది గాని పుస్తకం తెరుచుకోలేదన్నది నా అభిప్రాయం.

దీన్ని మా మిత్రుడొకరు, పక్క మండలంలో విలేకరి, ఒప్పుకోలేదు. "కుర్చీ పోతుందనే భయం ఒక్కటే వాళ్లకు తెలిసిన భయం. అది కూడా తీసేస్తే ఎవరి మాటా వినరు" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. అవిశ్వాసం ఉండాలి. చూరులో దుడ్డుకర్ర ఉన్నట్టు ఉండాలి. అయితే దుడ్డుకర్ర ఉందని పొద్దున లేచి వాకిలి ఊడ్వడం మానేస్తామా? నెలనెలా అడగవలసింది అడగకుండా, నాలుగో ఏట ఒక్కసారి అందరం కలిసి పడేద్దామంటే, ఆ మధ్యలో పోయిన డబ్బుకు జవాబుదారీ ఎవరు?

మన ఊళ్లోకి వస్తే

బస్సు జూబ్లీ బస్టాండు చేరింది. కాక దిగుతూ, "అయితే సర్పంచ్ మీద మేము అవిశ్వాసం పెట్టరాదా?" అన్నాడు. ఈ అనుమానం చాలామంది కొత్త మెంబర్లకు ఉన్నట్టుంది గనుక వివరంగా రాస్తాను.

వెనుకటి కాలంలో వార్డు మెంబర్లే కూడి సర్పంచ్‌ను ఎన్నుకునేవారు. తర్వాత ఊరంతా నేరుగా ఓటు వేసే పద్ధతి వచ్చింది. ఊరు ఎన్నుకున్నవానిని మెంబర్లు దింపరాదు. అందువల్ల సర్పంచ్ మీద అవిశ్వాసం లేదు. తప్పు చేస్తే చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు ఉంది. ఉపసర్పంచ్‌ను మాత్రం మెంబర్లే ఎన్నుకుంటారు. కనుక ఆయన మీద అవిశ్వాసం పెట్టే హక్కు కూడా వారిదే. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ చెక్కుల మీద సర్పంచ్ సంతకంతో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నది. ఎందుకు పెట్టారు ఆ రెండో సంతకం? ఊరు ఎన్నుకున్నవాని చేతితో పాటు మెంబర్లు ఎన్నుకున్నవాని చేయి కూడా డబ్బు మీద ఉండాలని. ఆ ఉద్దేశం ఎంత మంది ఉపసర్పంచులకు తెలుసు? గత పాలకవర్గాల కాలంలో ఖాళీ చెక్కుల పుస్తకం మీద వరుసగా సంతకాలు పెట్టి ఇచ్చినవారిని నేనెరుగుదును. సర్పంచ్‌తో పడక సంతకం ఆపి బేరం పెట్టినవారినీ ఎరుగుదును. రెండూ ఆ సంతకానికి అవమానమే.

మరి తక్కిన వార్డు మెంబర్ల సంగతి? గౌరవ వేతనం సర్పంచ్‌కు ఉంది, వీరికి లేదు. గదిలో కుర్చీ కూడా సర్పంచ్‌దే, వీరికి బల్ల. కానీ చట్టం వీరికి మూడు హక్కులు ఇచ్చింది. పంచాయతీ పనుల్లో నిర్లక్ష్యం గాని, సొత్తు వృథా గాని కనబడితే దృష్టికి తేవచ్చు. తీర్మానం ప్రతిపాదించవచ్చు, పాలన వ్యవహారాల మీద సర్పంచ్‌ను ప్రశ్నించవచ్చు. ముందుగా నోటీసు ఇచ్చి ఆఫీసు వేళల్లో పంచాయతీ రికార్డులు చూడవచ్చు. 1994 నాటి చట్టంలోనే ఇవి ఉన్నాయి. సభ్యుని హక్కులన్న పేరిట ఉన్న ఆ నాలుగు వాక్యాలు కొత్త మెంబర్ల చేతికి ఒక కాగితం మీద అచ్చువేసి ఇస్తే ఎంతో మేలు. శిక్షణ తరగతులు పెడితే భోజనం సంగతి గుర్తుంటుంది గాని ఈ నాలుగు వాక్యాలు గుర్తుండవు.

హక్కు కాగితం మీద ఉంది. సమావేశం ఎక్కడ ఉంది? నెలకొక సమావేశం జరగాలి. చాలా ఊళ్లలో సమావేశం జరగదు, రిజిస్టరు నడిచి వస్తుంది. కారోబారో, సిపాయో మినిట్స్ పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. మెంబరు పొలంలో ఉంటే గట్టు మీదికే వస్తాడు. "ఇగ గీడ పెట్టు పటేలా" అంటాడు. పైన ఏం రాసి ఉందో చదవరు. కొన్నిసార్లు పైన ఏమీ రాసి ఉండదు, ఖాళీ. సంతకాలు అయ్యాక తీర్మానం పుడుతుంది. మెంబరు మహిళ అయితే ఆ సంతకం కూడా భర్త పెడతాడు. సగం స్థానాలు మహిళలకు ఇచ్చారని చెప్పుకుంటాం. సమావేశానికి రాకుండా, పుస్తకం చూడకుండా ఇంట్లో కూర్చోబెట్టిన ఆ సగం మందితో లెక్క ఎవరు అడిగిస్తారు? నేను చూసినంతలో, సమావేశానికి నిజంగా వచ్చే మహిళా మెంబర్లు అడిగే ప్రశ్నలు మగవారి ప్రశ్నల కంటే సూటిగా ఉంటాయి. నల్లా ఎన్ని రోజులకు వచ్చిందో వారికి తేదీలతో సహా తెలుసు.

అడిగినవారి బాధలు కూడా రాయాలి. లేకపోతే ఏకపక్షం అవుతుంది. అడిగిన మెంబరు వార్డులో దీపం మాడిపోతే నెల దాకా మారదు. మోరీ తీయడానికి వచ్చిన మనిషి ఆ వీధి ముందే ఆగిపోతాడు. "నీ మెంబరును అడుగు" అని వార్డు జనానికి చెప్తారు. వారం తిరగకముందే ఆ జనమే, "నీకెందుకయ్యా ఆ లొల్లి, కలిసిమెలిసి ఉంటే మాకు నాలుగు పనులైతయి గదా" అని మెంబరునే తప్పుబడతారు. ఈ మాట అన్నవారిలో నేనూ ఉన్నాను. ఐదారేళ్ల క్రితం మా వాడకు సిమెంటు రోడ్డు రావలసి ఉన్న రోజుల్లో, అప్పటి మెంబరు బోరు మోటారు రిపేరు బిల్లు అడుగుతుంటే, కొన్నాళ్లు ఆగమని చెప్పినవాడిని నేనే. రోడ్డు వచ్చింది. బిల్లు సంగతి అక్కడితో పోయింది.

సర్పంచుల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. అందరూ దొంగలు కారు. 2019 నుంచి 2024 దాకా ఉన్నవారిలో ఎందరో వైకుంఠధామాలు, రైతు వేదికల పక్క పనులు, మోరీలు అప్పు తెచ్చి కట్టించి, బిల్లులు రాక, గడువు తీరాక కూడా కార్యాలయాల చుట్టూ తిరిగారు. మిత్తీలు కట్టలేక భూములు అమ్ముకున్నవారు మన మధ్యనే ఉన్నారు. అటువంటి సర్పంచ్‌కు లెక్క అడిగే మెంబరు శత్రువు కాదు. పని జరిగిందని, ఇంత ఖర్చయిందని మెంబర్లందరి ఎదుట నెలనెలా పుస్తకంలో ఎక్కి ఉంటే, రేపు బిల్లు కోసం పై అధికారి ముందు నిలబడినప్పుడు అదే సాక్ష్యం. నోటి మాట మీద చేసిన పనికి నోటి మాటే మిగిలింది చాలామందికి.

మెంబర్లే కాదు, ఊరివారు కూడా అడగవచ్చు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 చట్టం చెప్తోంది. సమాచార హక్కు చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము కూడా లేదు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ-గ్రామ్ స్వరాజ్ అనే చోట ఊరి ఖర్చులు సెల్‌ఫోనులోనే కనిపిస్తాయి. డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో రాత్రి పది నిమిషాలు కూర్చుంటే మన ఊరి పేరు మీద ఏ పనికి ఎంత రాశారో చూడవచ్చు. నేను మా ఊరిది చూశాను. తప్పని అనను. కానీ ఒకే నెలలో వీధి దీపాల పేర మూడు బిల్లులు కనబడితే, ఎన్ని బల్బులు, ఏ వార్డుల్లో అని అడగాలనిపించదా?

అదే సంగతి కాకకు చెప్పాను. ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు.

తర్వాతి సోమవారం కాక పంచాయతీ ఆఫీసుకు పోయాడు. వీధి దీపాల బిల్లులు, స్టాకు పుస్తకం చూడాలని తెల్లకాగితం మీద నోటీసు రాసి రెండు ప్రతులు తీసుకుపోయాడు. రాత నాదే, సంతకం ఆయనది. కార్యదర్శి చదివి, పెద్దగా మాట్లాడకుండా ఒక ప్రతి తీసుకున్నాడు. రెండో దాని మీద ముద్ర వేసి ఇవ్వమని కాక అడిగాడు. ముద్ర సర్పంచ్ ఇంట్లో ఉందని, రేపు రమ్మని జవాబు వచ్చింది. "రేపు నాకు వడ్లకు నీళ్లు పెట్టేది ఉంది, తెప్పియ్యి, కూసుంట" అని కాక ఆఫీసు అరుగు మీద తువ్వాల పరిచి కూర్చున్నాడు. దారిన పోయేవారు ఏంది సంగతని అడుగుతుంటే చెప్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక సిపాయి ముద్ర తెచ్చాడు. పుస్తకాలు చూసే రోజు గురువారమని నోటీసు వెనుక రాసి ఇచ్చారు. ఇంకో ఇద్దరు మెంబర్లు కూడా వస్తామన్నారట, అందులో ఒకరు ఆడమనిషి.